శిశు లింగనిర్ధారణ: వైద్యచరిత్రలో తొందర, నిరీక్షణ

సత్తెనపల్లిలోనైనా, మరెక్కడైనా జననాంగాల రూపం స్పష్టంగా లేని శిశువు పుడితే ముందుగా వినిపించే ప్రశ్న ‘ఆడా, మగా?’ అన్నదే. ఈ ప్రశ్నకు వైద్యం ఇచ్చిన సమాధానం కాలక్రమంలో మారింది. 1950లలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో జాన్ మనీ, ఆయన సహచరులు పెంపకమే లింగభావనను నిర్ణయిస్తుందని భావించి, శైశవంలోనే శస్త్రచికిత్సను సమర్థించారు.

మానవ క్రోమోజోములు 46 అని 1956లో తేలిన తరువాత క్రోమోజోము, హార్మోను పరీక్షలు నిర్ధారణకు ఆధారమయ్యాయి. అసలు ప్రమాదం రూపంలో కాక లోపల ఉండవచ్చు. పుట్టుకతో వచ్చే అడ్రినల్ హైపర్‌ప్లేసియాలో ఉప్పును కోల్పోయే రకం సోకిన శిశువు చికిత్స అందకపోతే తొలి వారాల్లోనే మరణించవచ్చు. ఈ జన్యులోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమిస్తుంది కనుక మేనరికాలున్న తెలుగునాట దీనిపై మరింత అప్రమత్తత అవసరం. 2005 చికాగో సమావేశం పాత అవమానకర పదజాలాన్ని విడిచి, ‘లింగ వికాస రుగ్మతలు’ అనే పరిభాషను, వివిధ శాఖల నిపుణుల ఉమ్మడి నిర్ణయాన్ని సూచించింది.

2019 ఏప్రిల్ 22న మద్రాసు హైకోర్టు శిశువులపై లింగనిర్ణయ శస్త్రచికిత్సలను నిషేధించాలని ఆదేశించింది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం ప్రాణాపాయ సందర్భాలను మినహాయిస్తూ వాటిని నిషేధించింది. 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగమైన సత్తెనపల్లికి ఆ ఉత్తర్వు వర్తించదు. అయినా ఈ చరిత్ర నేర్పే వివేచన అక్కడికీ అవసరమే: ప్రాణం నిలిపే హార్మోను చికిత్స ఆలస్యం కారాదు, రూపాన్ని సవరించే శస్త్రచికిత్స ఆ బిడ్డ తన మాట తాను చెప్పగలిగే వరకు ఆగవచ్చు.