రోజా లక్సెంబర్గ్ ఇండియా పేజీలు

రోజా లక్సెంబర్గ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1919 జనవరి 15, బెర్లిన్ కాలువలో పడేసిన శవం. నాకు ఆమె ముందు జర్నలిస్టు. రష్యా ఏలుబడిలోని పోలండ్‌లో యూదుల ఇంట పుట్టి, జూరిక్‌లో డాక్టరేట్ చేసి, జర్మన్ పత్రికల్లో రాస్తూ బతికింది. 1902లో మార్టినీక్ దీవిలో అగ్నిపర్వతం పేలి ఒక పట్నం మొత్తం మాడిపోతే, కన్నీళ్ళు పెట్టుకుంటున్న యూరప్ ప్రభుత్వాలను, మీ వలసల్లో మీరు చంపినవాళ్ళ మాటేమిటని ఒక్కొక్కదాన్నీ నిలదీసింది.

1913లో వచ్చిన ‘పెట్టుబడి సంచయనం’ కొరుకుడు పడని పుస్తకం. అనంతపురంలో కూచుని చదివినందుకేమో, నేను ఇండియా పేజీల దగ్గర ఆగిపోయాను. పెట్టుబడి తన కాళ్ళమీద తాను నిలబడలేదు, ఉమ్మడి నేలనీ చేతివృత్తుల్నీ మింగుతూ పోవాల్సిందే అన్నది ఆమె వాదన. పాత పాలకులు కాలువలూ బావులూ తవ్వించారు, కంపెనీ శిస్తే చూసుకుంది, ఒరిస్సా కరువులో పది లక్షలమంది పోయాకగానీ లండన్ పార్లమెంటు కదల్లేదు అంటుంది. ఇండియా గడప తొక్కకుండా, జేమ్స్ మిల్‌నీ కొవలెవ్‌స్కీనీ చదివే ఇదంతా రాసింది.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారపోశాడు. కలెక్టరుగా మన్రో వచ్చాడు, రైతు రైతుకీ విడిగా శిస్తు కట్టాడు. మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న జనం మావాళ్ళు. ఆయన 1807లో శిస్తు పావువంతు తగ్గించమంటే పైవాళ్ళు వినలేదు. చెరువుల మరమ్మతుకు దశబంధం ఇనాములుండేవి. లెక్క ఒక్కో రైతుదీ అయ్యాక కట్ట ఎవరిదీ కాకుండా పోయిందని నాకనిపిస్తుంది. 1876లో ధాత కరువు రానే వచ్చింది.

ఒక్కచోట మాత్రం రోజాతో పేచీ. ఆమె గ్రామం మరీ ఉమ్మడిగా కనిపిస్తుంది. మా ఊళ్ళలో తూము ఎత్తి నీళ్ళు పంచే నీరుగంటికి ఆ నీళ్ళతో పారే మడి ఎంతుండేది?

1917 ఫిబ్రవరిలో జైలు నుంచి ఓ స్నేహితురాలికి రాస్తూ, యూదుల బాధకని తన గుండెలో ప్రత్యేకంగా మూల లేదంది, పుటుమాయో రబ్బరు తోటల కూలీలూ అంతే దగ్గరంది. యూరప్ యూదులకు తర్వాత జరిగింది తెలిసినవాళ్ళకు ఆ వాక్యం గుచ్చుకుంటుంది. అదే ఏడు డిసెంబరులో, బ్రెస్లావ్ జైలు ముంగిట్లో, రుమేనియా నుంచి పట్టుకొచ్చిన దున్నపోతును సైనికుడు నెత్తురొచ్చేలా కొట్టడం చూసి ఏడ్చింది. కరువు ఏళ్ళలో సంతకు తోలిన పశువుల్ని చూసిన మావాళ్ళకు ఆ ఉత్తరం వివరించక్కర్లేదు.