మంటకు పహరా: గుల్‌ఖన్ నుంచి గ్యాస్ గీజర్ దాకా

మన గుసల్‌ఖానాలో గోడకు వేలాడే డబ్బాని గీజర్ అంటున్నాం గానీ, ఆ మాట అసలు వతన్ ఐస్‌లాండ్. భూమిని చీల్చుకుని పైకి ఎగజిమ్మే వేడినీళ్ల ఊటకి అక్కడ ఆ పేరు. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాస్ మంటతో అప్పటికప్పుడు నీళ్లు కాచే యంత్రం ఈజాద్ చేసి, దానికి ఈ పేరు తగిలించాడు. పైనుంచి చన్నీళ్లు దిగేవి, కింద నుంచి మంట వేడి ఎక్కేది, చివరికి వేడినీళ్లు పడేవి. కమాల్ పనే. లోటు ఒక్కటే. మంట విడిచిన గాలి బయటికి పోవడానికి గొట్టం లేదు. స్నానం చేసే మనిషి, మంట, మంట విడిచిన గాలి, మూడూ ఒకే గదిలో.

నూట యాభై ఏళ్లు దాటిపోయాయి. ఉప్పల్‌లోనో నాచారంలోనో సందుల్లోకి వెళ్లి, కిరాయి పోర్షన్ల గుసల్‌ఖానాల్లోకి తొంగిచూడండి. చాలాచోట్ల అదే కథ ఇంకా నడుస్తోంది.

మన పాత కారీగర్లు ఈ పని చేయలేదు. హమాం కట్టేటప్పుడు మంటని గోడ అవతల పెట్టేవాళ్లు. హమాం పొయ్యికి ఫార్సీలో గుల్‌ఖన్ అని పేరు. దాన్ని రాజేసి కనిపెట్టుకుని ఉండే మనిషి గుల్‌ఖన్‌తాబ్. స్నానం చేసేవాళ్లకి హరారత్ అందేది, పొగ అందేది కాదు. ఇబ్రహీంబాగ్‌లో కుతుబ్‌షాహీ గుంబదుల దగ్గర పాత హమాం ఇప్పటికీ ఉంది. పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లంతా గుంబదుల ముందు ఫోటోలు దిగి, టిఫిన్ డబ్బా ఖాళీ చేసుకుని వచ్చేస్తారు. ఈసారి వెళ్తే హమాం కూడా చూసి రండి.

ఆ గుల్‌ఖన్‌తాబ్‌కి పనులు రెండు. మంట పుట్టించడం, మంట మీద నిగ్రానీ. ఆ తర్వాతి తారీఖ్ అంతా మొదటి పనిని తేలిక చేసుకుంటూ వచ్చింది. రెండో పని ఎవరు చేస్తారన్న సవాల్ మాత్రం ప్రతిసారీ ఆలస్యంగానే గుర్తొచ్చింది.

మొదట చక్‌మాక్ రాయి ఉండేది. తుర్కీలో సిగరెట్ లైటర్‌ని ఇవాళ్టికీ చక్‌మాక్ అనే అంటారు. 1820ల చివర్లో ఇంగ్లాండ్‌లో జాన్ వాకర్ గీస్తే అంటుకునే అగ్గిపుల్ల చేశాడు, అది మన మాచిస్. 1880లో పారిస్‌లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అన్నదమ్ములు కొన్ని స్ఫటికాల్ని నొక్కితే వాటిలోంచి బర్కీ పుడుతుందని కనిపెట్టారు. బావర్చీఖానాలో మనం టక్కుమని నొక్కే గ్యాస్ లైటర్ లోపల జరిగేది అదే. చిన్న సుత్తి పింగాణీ ముక్కని కొడుతుంది, వేల ఓల్టుల చింగారీ ఎగురుతుంది. నేను ఉర్దూ మీడియంలో చదివిన రోజుల్లో కరెంటుని 'బర్కీ రౌ' అనేవాళ్లు. ఉస్మానియా యూనివర్సిటీ కోసం 1917లో మొదలైన దారుత్తర్జుమా ఇలాంటి సైన్స్ ఇస్తిలాహాత్ ఎన్నో తయారుచేసింది. డిగ్రీలో తెలుగులోకి వచ్చాక 'విద్యుత్ ప్రవాహం' నేర్చుకున్నాను. ఇప్పుడు మిస్త్రీ దగ్గర రెండూ పనికిరావు, 'కరెంట్' అనాల్సిందే.

హైదరాబాద్ ఇళ్లలో చాలాకాలం నీళ్లు కాచింది రాగి బంబు. మధ్యలో గొట్టం, గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్లు. దాన్ని ఆంగన్‌లోనో వాకిట్లోనో పెట్టేవాళ్లు. వేడినీళ్లని బకెట్‌తో లోపలికి మోసుకెళ్లాలి. ఆ మోత అమ్మీలకి, దాదీలకి తక్లీఫే, కాదనను. కానీ మంట బయటే ఉండేది. దాని పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్లు. తర్వాత రేషన్ కిరోసిన్ వచ్చింది, వత్తుల స్టవ్, పంపు స్టవ్ వచ్చాయి. పంపు స్టవ్ పేలి కాలిన కోడళ్ల ఖబర్లు ఆ జమానా పేపర్ల నిండా ఉంటాయి. వాటిలో ఎన్ని హాదసాలో, ఎన్ని ఖత్ల్‌లో అల్లాకే తెలుసు. అది వేరే వ్యాసం.

గ్యాస్ 1950ల్లో బర్మాషెల్ కంపెనీ ద్వారా బంబాయికి వచ్చింది. ఇండేన్ మొదటి కనెక్షన్ 1965లో కలకత్తాలో ఇచ్చారు. మన దగ్గర కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఇంతెజార్, ఎంపీ కోటా కూపన్ కోసం సిఫారసులు నడిచేవి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం మొదలయ్యాక గరీబ్ ఇళ్లకీ సిలిండర్ చేరింది. నాచారం వాళ్లకి సిలిండర్ లారీలు కొత్తేమీ కాదు. పక్కనే చర్లపల్లిలో ఆయిల్ కంపెనీల బాట్లింగ్ ప్లాంట్లు ఉన్నాయి.

సిలిండర్ గ్యాస్ స్వభావం బొగ్గులాంటిది కాదు. బొగ్గు ఆరిపోతే చల్లబడి ఊరుకుంటుంది. గ్యాస్ మంట ఆరిపోయినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. పైగా ఇది గాలికంటే బరువు. నేల మీద పాకి, మూలల్లో, మోరీల్లో కూర్చుంటుంది. గాలిలో వందకి రెండు పాళ్లు చేరితే చాలు, ఒక్క చింగారీకి అంటుకుంటుంది. అందుకే గ్యాస్ పొయ్యికి వెలిగించే చెయ్యి ఉంటే సరిపోదు. ఆరిపోయిందని తెలుసుకుని గ్యాస్‌ని ఆపేసే నిగెహ్‌బాన్ కావాలి. ఇగ్నిషన్ కంట్రోల్ అని కంపెనీలు అమ్మేదాని అసలు పని ఇదే. వెలిగించడం దాని చిన్న పని.

ఈ నిగెహ్‌బాన్ మొదటి రూపానికి బునియాద్ 1821లో పడింది. రెండు వేర్వేరు లోహాల్ని కలిపి ఆ అతుకుని వేడిచేస్తే కొద్దిగా బర్కీ పుడుతుందని జర్మనీలో సీబెక్ ప్రయోగాల్లో బయటపడింది. దాన్నే థర్మోకపుల్ అంటున్నాం. చిన్న మంట ఆ అతుకుని వేడిచేస్తుంటే, పుట్టిన కరెంటు ఒక అయస్కాంతాన్ని పట్టుకుంటుంది, ఆ అయస్కాంతం గ్యాస్ దారిని తెరిచి ఉంచుతుంది. మంట ఆరితే అతుకు చల్లబడుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, దారి మూసుకుంటుంది. ఆ కాసేపు, అంటే చల్లబడేదాకా, గ్యాస్ పోతూనే ఉంటుంది. అదొక్కటే దాని కమజోరీ.

ఇప్పటి గీజర్లలో ఇంకో తరీఖా ఉంది. మంటలోంచి అతి కొద్ది కరెంటు పారుతుంది. బర్నర్ పక్కన నిలబెట్టిన సన్నని తీగ ఆ కరెంటుని పసిగడుతుంది. నల్లా తిప్పగానే నీళ్ల ప్రెషర్ లోపలి పొరని నెడుతుంది, స్విచ్ పడుతుంది, బ్యాటరీ మీద నడిచే కంట్రోల్ డబ్బా చింగారీ వేసి గ్యాస్ వాల్వ్ తెరుస్తుంది. కొన్ని సెకన్లలో తీగకి మంట కనిపించకపోతే వాల్వ్ మూసేస్తుంది. ఐడీఏ నాచారం, ఐడీఏ ఉప్పల్ లాంటి పారిశ్రామిక వాడల్లో పెద్ద బర్నర్లు వాడేచోట ఇంకో మెట్టు కలుస్తుంది. ముందు ఫ్యాన్ తిరిగి, లోపల మిగిలిన గ్యాస్‌ని ఊడ్చేస్తుంది. ఆ తర్వాతే చింగారీ. మంట పట్టకపోతే యంత్రం తాళం వేసుకుని కూర్చుంటుంది. మనిషి వచ్చి, సబబ్ ఏంటో చూసి, చేత్తో రీసెట్ కొట్టాలి.

ఈ తాళమే మన మిస్త్రీలకి చిరాకు. 'భాయ్, మాటిమాటికీ బంద్ అవుతోంది' అని ఇంట్లోవాళ్లు గొడవ చేస్తే, కొందరు సెన్సార్‌కి దొంగ కనెక్షన్ ఇచ్చి దాన్ని గుడ్డిదాన్ని చేస్తారు. కస్టమర్ ఖుష్. మాటిమాటికీ ఆగడానికి అసలు కారణాలు చాలావరకు మామూలువి. సెన్సార్ తీగ మీద మసి పట్టి ఉంటుంది, లేదా తీగ వంగి మంటకి దూరమై ఉంటుంది. బర్నర్ బాడీకి వైరు సరిగ్గా తగలకపోతే మంటలోంచి పారిన కరెంటు తిరిగి రావడానికి దారి ఉండదు, డబ్బా మంట లేదనుకుంటుంది. బ్యాటరీలు బలహీనపడి ఉండొచ్చు. ఇవన్నీ పావుగంట పనులు. పహరాదారుడి కళ్లకి గంతలు కట్టడం కంటే ఇది ఎంత సేపు?

ఇంతదాకా మంట గురించి. నేను డెస్క్ మీద పనిచేసిన శీతాకాలాల్లో నా బల్ల మీదికి వచ్చిన ఖబర్లలో చాలావాటికి మంట ఆరలేదు, గ్యాస్ లీక్ కాలేదు, కంట్రోల్ ఫెయిల్ కాలేదు. జుమా గుసల్ కోసం లోపలికెళ్లిన పిల్లాడు బయటికి రాలేదు. తలుపు పగలగొడితే నల్లా నడుస్తోంది, గీజర్ చక్కగా మండుతోంది. ఇంట్లోవాళ్లు ఫిట్స్ అన్నారు, పక్కింటివాళ్లు అసరత్ అన్నారు. ఇలా గుసల్‌ఖానాలో మూర్ఛపోయినవాళ్లని మిర్గీ రోగులనుకుని మందులు వాడిన కేసుల గురించి మన దేశపు న్యూరాలజీ డాక్టర్లే రాశారు. 'గ్యాస్ గీజర్ సిండ్రోమ్' అని పేరు కూడా పెట్టారు.

లెక్క చూడండి. సిలిండర్ గ్యాస్ ఒక పాలు పూర్తిగా మండాలంటే పాతిక నుంచి ముప్పై పాళ్ల గాలి కావాలి. గ్యాస్ గీజర్ మంట వంటింటి పెద్ద బర్నర్‌కి నాలుగైదు రెట్లు. తలుపు, వెంటిలేటర్ మూసిన చిన్న గుసల్‌ఖానాలో గాలి త్వరగా పలచబడుతుంది. అప్పుడు మంట కార్బన్ మోనాక్సైడ్ విడుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్‌కి కలిపే ఆ కుళ్లు వాసన మండని గ్యాస్‌కే ఉంటుంది, మండినదానికి ఉండదు. మన ఖూన్ ఆక్సిజన్ కంటే ఈ గాలిని రెండొందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల బరువెక్కుతుంది, కాళ్లు తేలిపోతాయి, గొళ్లెం తీయాలన్న హోష్ కూడా ఉండదు. ఇంత జరుగుతున్నా కంట్రోల్ డబ్బాకి అంతా ఖైరియత్‌గానే కనిపిస్తుంది. అది అడిగేది ఒక్కటే: మంట ఉందా లేదా. మంట ఉంది.

యూరప్‌లో దీనికీ ఒక తోడ్ కనిపెట్టారు. గాలిలో ఆక్సిజన్ తగ్గితే పక్కకి లేచిపోయేలా ఒక చిన్న పైలట్ మంట పెడతారు. అది లేవగానే థర్మోకపుల్ చల్లబడి గ్యాస్ ఆగిపోతుంది. నిగెహ్‌బాన్‌కి ముక్కు కూడా ఇచ్చారన్నమాట. మన దగ్గర ఈ చిన్న గ్యాస్ గీజర్లకి బీఐఎస్ ప్రమాణం 2005లో వచ్చింది. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తుతో పాటు ఈ ఆక్సిజన్ సెన్సార్ ఉందా అని దుకాణదారుని అడగండి. అది ఉన్నా సరే, డబ్బాని గుసల్‌ఖానా లోపల బిగించనివ్వొద్దు.

బిగించాల్సింది బయటే. యుటిలిటీ బాల్కనీలోనో, గాలి ఆడే వెనక గోడకో బిగించి, వేడినీళ్ల పైపు ఒక్కటే గోడలోంచి లోపలికి తీసుకురావాలి. గుల్‌ఖన్ పద్ధతి అదే. సిలిండర్ నిటారుగా, మోరీకి దూరంగా ఉండాలి. ఆయిల్ కంపెనీల సురక్షా గొట్టం వాడి, ఐదేళ్లకోసారి మార్చాలి. జాయింట్లు సబ్బు నురగతో చూడాలి, మాచిస్ గీసి కాదు. నవ్వకండి, గీసి చూసే మిస్త్రీలు ఉన్నారు. పని అయ్యాక మిస్త్రీ వెళ్లకముందే అతని చేత ఒక పరీక్ష చేయించండి. గీజర్ మండుతుండగా సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టేయించండి. మంట ఆరాక వాల్వ్ టక్కుమని మూసుకోవడం వినిపించాలి. ఆ శబ్దం రాకపోతే పైసలు ఇవ్వకండి. వాసన వస్తే స్విచ్‌లేవీ ముట్టుకోకుండా, రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, ఇంటి బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. రాత్రి పడుకునే ముందు ఇంట్లో మంట ఆర్పమన్న హదీస్ మన ఇళ్లలో పిల్లలకీ తెలుసు. సిలిండర్ రెగ్యులేటర్ కూడా ఆ లెక్కలోకే వస్తుందని నా ఖయాల్.

ఉప్పల్, నాచారంలో ఇంకో ముష్కిల్ ఉంది. మనలో చాలామంది కిరాయిదార్లం. పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోతే గీజర్ కూడా సామాన్‌తో పాటు ఆటో ట్రాలీ ఎక్కుతుంది. ఇల్లు మారిన ప్రతిసారీ కొత్త గోడ, కొత్త మిస్త్రీ. ప్రయాణంలో సెన్సార్ తీగ వంగుతుంది, జాయింట్లు వదులవుతాయి. ఓనర్ గోడకి రంధ్రం వేయనివ్వడు, కాబట్టి 'లోపలే పెట్టేయ్ భాయ్' అంటాం. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు నీళ్లు ఎన్ని గంటలకొస్తాయి, బండి పెట్టుకోవడానికి జాగా ఉందా అని అడుగుతాం కదా. గీజర్ పైపుకి వెనక గోడలో రంధ్రం వేయనిస్తారా అన్నది కూడా అడ్వాన్స్ చేతికిచ్చే ముందే అడగండి. వద్దంటే, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నీళ్లు వంటింటి పొయ్యి మీద కాచి బకెట్‌తో మోసుకోవడమే.