కిటికీ తెరా, బందరు చీటిగుడ్డా



కండ్లకోయలో ఇల్లు కట్టుకున్నప్పుడు ముచ్చటపడి హాలుకి పడమటివైపు పెద్ద కిటికీ పెట్టించాం. మధ్యాహ్నం రెండు దాటిందంటే ఎండ తిన్నగా సోఫా మీదికే. నాగపూర్ రోడ్డు దుమ్ము సంగతి సరేసరి. సిటీలో ఒక కొట్టుకి వెళ్ళి, కలంకారీ అని చెప్పి చూపించిన ఆకుపచ్చ లతల బట్ట తెచ్చి తెరలు కుట్టించాను. మా అత్తగారి పుట్టిల్లు బందరు దగ్గర. ఆవిడ తెర అంచు వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇదేం చీటిగుడ్డే అమ్మాయ్, ఎండకి నిలుస్తుందా?" అన్నారు. నాకు కాస్త చివుక్కుమంది. ఒక్క వేసవి గడిచేసరికి మడత లోపల రంగు అలాగే ఉంది, మడత పైన వెలిసిపోయి తెరంతా చారలు పడింది. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అదే నాకు ఎక్కువైంది!

ఆ 'చీటి' అన్నమాట పట్టుకుని చూస్తే పెద్ద కథే ఉందండీ. హిందీలో ఛీంట్, ఇంగ్లీషులో చింట్జ్, మనకి చీటిగుడ్డ. అన్నీ ఒక్క గూటి మాటలే. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో మచిలీపట్నం పెద్ద రేవు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ దిగిందే బట్ట కోసం. లండనులో శామ్యూల్ పెపీస్ అనే ఉద్యోగి 1663లో తన భార్య గది గోడలకు కప్పడానికి ఈ చీటిగుడ్డ కొన్నానని డైరీలో రాసుకున్నాడు. తర్వాత అది పడకలకు, కుర్చీలకు, కిటికీలకు ఎక్కింది.

ఎందుకంత మోజు అంటారా? ఉతికితే రంగు పోదు. అప్పట్లో వాళ్ళ దగ్గర నూలుమీద అలా నిలిచే అద్దకం లేదు. మన అద్దకంవాళ్ళు బట్టను కరక్కాయ కషాయంలో, గేదెపాలల్లో నానబెట్టి ఆరేస్తారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నల్ల గీతలు వేస్తారు. ఎరుపు రావలసినచోట పటిక నీళ్ళు అద్ది, చిరివేరు వేసి ఉడికిస్తారు. పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట ఉతుకుల్లో వదిలిపోతుంది. అంటే రంగు పైన పూసింది కాదు, నూలుపోగుతో కలిసిపోయింది. మన వంటింట్లో పసుపు మరక ఎండలో ఆరేస్తే పోతుంది చూడండి, చిరివేరు ఎరుపు అలాంటిది కాదు.

దాంతో అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లోనే నిషేధించి 1759 దాకా సడలించలేదు. ఇంగ్లండు 1721లో చేసిన చట్టంలో అద్దకపు బట్టలు కట్టుకోవడమే కాదు, పడక, కుర్చీ, దిండు, 'కిటికీ తెర' అని పేరుపెట్టి మరీ కాదన్నారు. ఇంటి ఇల్లాలి కిటికీ మీద పార్లమెంటు చట్టం, విన్నారా! 1774లో తమ దేశంలో తయారైన నూలు అద్దకాలకు అనుమతిచ్చారు గాని మన బట్టకు ఇవ్వలేదు. మరుసటేడు డేవిడ్ గారిక్ అనే గొప్ప నటుడి భార్యకు కలకత్తా నుంచి కానుకగా వచ్చిన మన తీరపు పడక తెరలు కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్నారు. ఆయన అధికారులకు సరదాగా ఉత్తరం రాసి బతిమాలుకోవలసి వచ్చింది. ఆ తెరలిప్పుడు లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

తమాషా ఏమిటంటే, మన పాత ఇళ్ళల్లో కిటికీకి చీటిగుడ్డ కట్టే అలవాటు అంతగా లేదు. గోడలు మందం, కిటికీలు చిన్నవి. ఎండకి వెదురు చిక్కులు, వట్టివేళ్ళ తడికలు ఉండేవి. తడిక మీద నీళ్ళు చల్లితే వడగాలి తడి మీదుగా వచ్చి చల్లబడుతుంది, పైగా వాసన. గోడలు పలచబడి కిటికీలు పెరిగాకే మనకి బట్ట తెరలు కావలసి వచ్చాయి.

మ్యూజియాల్లోని పాత చీటిగుడ్డల్లో ఆకులు నీలంగా కనిపిస్తాయి. ఎందుకంటే ఆకుపచ్చ అంటే నీలిమందు మీద పసుపు. పసుపు వెలిసిపోతే మిగిలేది నీలమే. అందుకే కరక్కాయ, దానిమ్మ తొక్కల పసుపు రంగులు పడమటి కిటికీకి వద్దంటాను. ఎరుపు, నలుపు, నీలం ఎంచుకోండి. ఉత్తరానికైతే పలచని మల్లు చాలు. కొనేముందు మూల తడిపి తెల్ల రుమాలుతో రుద్ది చూడండి. నూలు బట్ట కుంచించుకుపోతుంది కనుక ఉతికాకే కుట్టించండి. మడతలకి కిటికీ వెడల్పుకి రెండింతలు పడుతుంది.

ఇంకోమాట. బందరు పక్కన పెడనలో ఇప్పటికీ చెక్క అచ్చులతో అద్దుతున్నారు. అచ్చుపక్కన అచ్చు వేసేటప్పుడు కాస్త ఎడమో, కాస్త తొక్కుడో కనబడుతుంది. అది లోపం కాదమ్మా, చేతిపని. స్క్రీన్‌మీద క్షణాల్లో వేసి అదే పేరుతో చవగ్గా అమ్మే బట్టతో వాళ్ళు నెగ్గుకురాలేకపోతున్నారు. నేను కొన్నది అదే. చవక అనుకున్నాను, రెండోసారి కొన్నాను కాబట్టి లెక్క తప్పింది.

ఈసారి అత్తగారినే వెంటబెట్టుకెళ్ళాను. ఎర్ర సిప్రస్ చెట్ల అచ్చు, పర్షియావాళ్ళ కోసం బందరులో మొదలైన నమూనా. వెనక కోరాగుడ్డ లైనింగు వేయించాను. రెండు వేసవులు గడిచాయి, చారలు లేవు. మావారు మాత్రం హాలు చీకటైపోయిందని మధ్యాహ్నమే లైటు వేస్తున్నారు.