విషం చేసే పనేమిటి?

ప్రపంచంలో నరాల మీద పరిశోధన చేసే ల్యాబులన్నిటికీ ఒక తెలుగు మాట తెలుసంటే నమ్ముతారా? ఆ మాట బంగారు. కాకపోతే వాళ్ళు దాన్ని 'బంగరోటాక్సిన్' అని పలుకుతారు, అందులో తెలుగు ఉందని వాళ్ళకి తెలీదు.

నాకూ తెలీదు. ఇక్కడ అమెరికాలో ఒక క్లయింటు కోసం ప్రొటీన్ల డేటాబేసు ఒకటి కొత్త సర్వరుకి మారుస్తున్నప్పుడు ఈ పేరు కనబడింది. పక్కన 'ఇది చేసే పని' అనే కాలమ్‌లో ఒకటి కాదు, నాలుగైదు పదాలున్నాయి. విషం చేసే పని చంపడమే కదా, ఇన్నెందుకు అనుకుని తవ్వడం మొదలుపెడితే కథ మన విశాఖపట్నం దాకా వెళ్ళింది.

విషాల్ని వర్గీకరించడం మనకి కొత్తేమీ కాదు. సుశ్రుతుడు వాటిని స్థావరం, జంగమం అని రెండుగా చీల్చాడు: చెట్ల నుంచీ ఖనిజాల నుంచీ వచ్చేది ఒకటి, కదిలే జీవుల నుంచి వచ్చేది ఒకటి. పాముల్లో పడగ ఉన్నవి దర్వీకరాలు, ఒంటి మీద మండలాలున్నవి మండలులు, చారలున్నవి రాజిమంతాలు. అంటే ఎక్కణ్ణించి వచ్చింది, చూడ్డానికి ఎలా ఉంది అన్నవే కొలతలు.

1780ల్లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు డాక్టరు విశాఖపట్నంలో ఉండేవాడు. తరవాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. కోరమాండల్ తీరం పాముల్ని పోగుచేసి, ఏది విషప్పామో ఏది కాదో మామూలు మనిషికి తెలిసేలా చెప్పాలని 1796లో బొమ్మలతో పెద్ద పుస్తకం వేశాడు. మెచ్చుకోవలసిందేమిటంటే, ఊళ్ళోవాళ్ళు చెప్పిన పేర్లనే అందులో రాసుకున్నాడు. మన రక్తపింజర అందులో 'కాటుక రేకుల పొడ'. పసుపూ నలుపూ పట్టీల పాము 'బంగారు పాము'. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ కట్లపాముల జాతి మొత్తానికీ ఆ మాటతోనే 'బంగరస్' అని పేరు పెట్టేశాడు.

మరి టాక్సిన్? 1963లో తైవాన్‌లో ఛాంగ్, లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అక్కడి కట్లపాము విషాన్ని విద్యుత్తు సాయంతో భాగాలుగా విడదీసి, ఆల్ఫా, బీటా, గామా బంగరోటాక్సిన్లని పేర్లు పెట్టారు. అసలు మలుపు ఇక్కడుంది. విషం అనే ఒక్క వస్తువు లేదు. ఒకే కోరలోంచి వచ్చినా వాటి పనులు వేరు. నరం కండరానికి కబురు పంపేది అసిటైల్‌కోలీన్ అనే రసాయనంతో. కండరం వైపు ఆ కబురు అందుకునే రిసెప్టరుకి తాళం వేసేది ఆల్ఫా. బీటా అటు వెళ్ళదు, కబురు పంపే నరం కొసనే పాడుచేస్తుంది. రోగికి మాత్రం రెండిట్లోనూ కనబడేది ఒకటే: రెప్పలు వాలిపోవడం, ఆఖరికి ఊపిరి ఆడకపోవడం.

ఇప్పుడు నా కాలమ్ సంగతి. 1998లో ఈగ, ఈస్టు, ఎలుక డేటాబేసులు నడిపే మూడు బృందాలు కలిసి 'జీన్ ఆంటాలజీ' మొదలుపెట్టాయి. ఒకే పనికి తలా ఒక పేరు పెట్టుకుంటే కంప్యూటరు పోల్చలేదు కదా, అందుకు. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే మల్టిపుల్ ఇన్‌హెరిటెన్స్ ఉన్న క్లాసుల చెట్టు. చెట్లు మూడు: అణువు స్థాయిలో చేసే పని, అది పాల్గొనే ప్రక్రియ, కణంలో ఉండే చోటు.

మొదటి చెట్టులో 'విషంగా పనిచేయడం' అనే పదం ఒకటి 0015070 నంబరుతో ఉండేది. నిర్వచనం ఇంచుమించుగా 'ఇతర జీవులకి హాని చేయడం'. తరవాత దాన్ని రద్దు చేశారు. (ఇక్కడ రద్దయిన నంబర్ని చెరిపెయ్యరు, ఇంకోదానికి ఇవ్వరు. మన పాత ఏపీఐల్లాగే అలా పడి ఉంటుంది.) ఆలోచిస్తే ఆ నిర్వచనంలో చిక్కు తెలుస్తుంది. హాని అనేది అణువు చేసే పని కాదు, ఆ పని వల్ల ఇంకొకరికి జరిగేది. బీటా బంగరోటాక్సిన్‌లో ఒక గొలుసు ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైము. మన క్లోమంలో తయారై తిండి అరగడానికి సాయపడే ఎంజైము దానికి దాయాదే, ఇద్దరి వృత్తీ ఒకటే. ఆల్ఫాకి కూడా మన మెదడులో చుట్టం ఉంది. 1999లో బయటపడిన లింక్స్1 అనే ఆ ప్రొటీనుదీ అదే మూడు వేళ్ళ ఆకారం, అదీ అలాంటి రిసెప్టర్ల జోరునే అదుపుచేస్తుంది. పోలికలు చూసి పేర్లు పెట్టే ప్రోగ్రాముకి వదిలేస్తే మన క్లోమాన్ని పాము కోరల ఖాతాలో రాసినా ఆశ్చర్యం లేదు.

అలాగని ఆ పదం లేకుండానూ గడవలేదు. తరవాత 0090729 నంబరుతో మళ్ళీ వచ్చింది. ఈసారి నిర్వచనం ఆచితూచి రాశారు: వేరే జీవిలోని అణువుల మీద పనిచేయాలి, ఆ పని పరిణామంలో ఎంపికై వచ్చినదై ఉండాలి. అంటే పొరపాటున హాని చేసేది విషం కాదు, అందుకే తయారైనది విషం. దాని పక్కనే అసలు పనిని విడిగా రాస్తారు: రిసెప్టర్ని అడ్డుకోవడం, ఫాస్ఫోలిపిడ్లని విరవడం. నా కాలమ్‌లో అన్ని పదాలుండటానికి కారణం ఇదన్నమాట.

ఇదంతా ఏసీ గదుల్లో కూర్చుని పేర్ల గురించి చేసే చర్చ అనిపించవచ్చు. కానీ 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్ళు సుమారు 12 లక్షలని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. తాచుపాము కాటుకి నియోస్టిగ్మిన్ అనే మందు తరచు పనిచేస్తుంది. అది అసిటైల్‌కోలీన్‌ని విరిగిపోకుండా కాపాడుతుంది, అది ఎక్కువైతే తాళం పడిన రిసెప్టర్ల దగ్గర పోటీపడగలదు. నేల మీద పడుకున్నవాళ్ళని రాత్రిపూట కరిచే కట్లపాముకి ఆ మందు చాలాసార్లు పనిచేయదు. కొసే పాడయ్యాక కబురేదీ? అది మళ్ళీ చిగురించేదాకా రోజుల తరబడి వెంటిలేటరే దిక్కు. లక్షణం ఒకటే, పని వేరు, వైద్యం వేరు.

మనకి పాము కరిస్తే ముందు అడిగేది 'ఏ రంగు పాము?' అని. చీకట్లో ఎవరు చూశారు? అందుకే డాక్టరు రోగి రెప్పలు చూస్తాడు, కాస్త రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాడు. గడ్డకట్టకపోతే అది రక్తపింజర కుటుంబం పని కావచ్చు. పాము పేరు తెలియకుండానే విషం చేసే పనిని బట్టి వర్గీకరించడం అంటే అదే. ఆంటాలజీ పేరు వినని మన తాలూకా ఆస్పత్రుల్లో కూడా ఆ గాజు గొట్టం ఉండి తీరాలి.