బండి కింద తరాజు

గుంతకల్లులో ఏ మెకానిక్ షెడ్డులోనైనా పికప్ కింద పడుకుని పైకి చూడండి, కొన్ని పుర్జాలు మన జబాన్‌లోనే పలకరిస్తాయి. పొరలు పొరలుగా పేర్చిన ఇనుప పట్టీలను కంపెనీవాళ్లు లీఫ్ స్ప్రింగ్ అంటారు. మనవాళ్లకు అవి కమాన్ కట్టలు. కమాన్ అంటే ఫార్సీలో విల్లు. ఇంగ్లండులో ఒబదయా ఎలియట్ 1804లో ఇలాంటి కమాన్లకు పేటెంట్ తీసుకున్నది గుర్రపు బగ్గీల కోసం. మన జట్కాల కింద ఉన్నవీ ఆ ఖాందాన్‌వే.

వెనక యాక్సిల్ దగ్గర ఇంకొకటి ఉంటుంది, దానికి మన జబాన్‌లో పేరే లేదు. ఛాసిస్‌కు బిగించిన చిన్న దిమ్మ, అందులోకి వచ్చి పోయే బ్రేకు పైపులు, అక్కడి నుంచి యాక్సిల్ దాకా ఒక కడ్డీ. కొన్ని బండ్లలో కడ్డీ బదులు స్ప్రింగ్. కొత్తగా చూసినవాళ్లు హ్యాండ్ బ్రేకుదేమో అనుకుంటారు. "బేకార్ చీజ్, తీసేయ్ ఉస్తాద్" అనేవాళ్లూ ఉన్నారు.

దాని అసలు పేరు లోడ్ సెన్సింగ్ ప్రపోర్షనింగ్ వాల్వ్. నేనైతే తరాజు అంటాను.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి ముందు చక్రాలకు బ్రేకులే లేవు. 1921లో డ్యూసెన్‌బర్గ్ నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు పెట్టింది. ఆ పద్ధతి అన్ని బండ్లకూ పాకాక, సరుకు బండ్లలో ఒక మస్లా మిగిలింది. బ్రేకు తొక్కగానే వజన్ ముందుకు ఒరుగుతుంది, వెనక తేలికవుతుంది. ఖాళీ పికప్ అయితే వెనక చక్రాలు ముందే బిగుసుకుపోయి తోక పక్కకు తిరుగుతుంది. అదే బండి నిండా శనక్కాయ మూటలుంటే వెనక బ్రేకు గట్టిగా పట్టాలి. పెడల్ ఒకటే, జరూరత్ రెండు రకాలు. అందుకే ఈ పుర్జా. లోడెక్కితే బాడీ కిందికి దిగుతుంది, కడ్డీ కదులుతుంది, వాల్వ్ వెనక్కి ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. ఖాళీ అయితే తగ్గిస్తుంది.

తూకం మనకు కొత్త ఇల్మ్ కాదు. మర్వ్ నగరంలో అల్ ఖాజినీ 1121లో మీజానుల్ హిక్మ అనే కితాబు రాశాడు. గులాంగా వచ్చి ఆలిమ్ అయిన మనిషి. అందులో ఆయన వివరించిన అయిదు పళ్లేల తరాజు, నీటిలో తూచి బంగారంలోని కల్తీని పట్టేస్తుంది.

ఇప్పుడు మన సంగతి. ఆదోనికో బళ్లారికో ఎక్కువ లోడు వేయాలని రెండు కట్టలు అదనంగా వేయిస్తాం. నా లెక్కలో ఇది తరాజు ముందు ఝూటీ గవాహీ. గట్టిపడిన కమాన్ బాడీని దిగనివ్వదు. వాల్వ్ బండి ఖాళీ అనుకుంటుంది. సరిగ్గా నిండు లోడు మీద, దిగుడులో, వెనక బ్రేకును తగ్గించేస్తుంది. అప్పుడు తప్పు బ్రేకు షూలదని వాటిని మారుస్తూ కూర్చుంటాం! కట్టలు వేస్తే కడ్డీ సెట్టింగును కూడా కంపెనీ కొలత ప్రకారం మళ్లీ చూడాలి. అసలు బండికి రాసిన లోడు దాటకపోతే ఈ ఝంఝటే లేదు.

కొత్త బండ్లలో ఈ పని ఏబీఎస్ కంప్యూటర్ చూసుకుంటోంది. పాత పికప్ కొనేవాళ్లు మాత్రం ఒకసారి కిందికి దూరి చూడండి. కడ్డీ తుప్పుపట్టి బిగుసుకుపోయిందా, వాల్వ్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉందా, ఎవరైనా కడ్డీని ఊడదీసి తీగతో కట్టేశారా?