ఉత్తరాంధ్ర రవాణా కారిడార్: సరిహద్దులు, సమన్వయం

తూర్పు కనుమలకూ సముద్రానికీ నడుమ ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మీదుగా హౌరా–చెన్నై రైలుమార్గం, 16వ నంబరు జాతీయ రహదారి సాగుతాయి. శ్రీకాకుళం దాటాక రహదారి భోగాపురం వైపు తీరం దారి పడుతుంది. రైలు చీపురుపల్లి మీదుగా విజయనగరం చేరుతుంది. రాష్ట్రాల హద్దులు, రైల్వే డివిజన్ల హద్దులు ఇక్కడ ఒకచోట కలవవు. సమన్వయం కష్టమవడానికి మూలం అదే.

1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ఈ లైను వేసే నాటికి గంజాం, విశాఖపట్నం జిల్లాలు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1901లో వాల్తేరుకు (విశాఖపట్నానికి) దక్షిణ భాగం మద్రాసు రైల్వేకు, మరుసటి ఏడు ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేకు దక్కాయి. 1900లో పర్లాకిమిడి సంస్థానం నౌపడ నుంచి తమ ఊరికి వేసుకున్న చిన్న రైలు 1931 నాటికి గుణుపూర్ వరకు పెరిగింది. విజయనగరం–రాయపూర్ లైనూ ఆ ఏడే పూర్తయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడగానే నౌపడ ఇటు, పర్లాకిమిడి అటు అయ్యాయి.

రోడ్డు మీద ఈ విభజన భారం లారీ డ్రైవర్లపై పడింది. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టులో పన్నుల కోసం లారీలు బారులు తీరేవి. 2017 జులై 1న జీఎస్టీతో ఆ తనిఖీ పోయినా గంజాయి రవాణాపై పోలీసు నిఘా ఉంది.

2017 జనవరి 21 రాత్రి ఒడిశా సరిహద్దున, విజయనగరం–రాయపూర్ లైనులోని కూనేరు వద్ద హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి దాదాపు 40 మంది చనిపోయారు. క్షతగాత్రులను ఇటు పార్వతీపురానికీ, అటు రాయగడకూ తరలించారు. అలాంటి రాత్రి దగ్గరి ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉందన్నది అడ్డు కాకూడదు.

దక్షిణ కోస్తా రైల్వే జోన్ కోసం 2025 ఫిబ్రవరి 7న కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను విడదీసింది. సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్‌కు, 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్‌కు వచ్చాయి. కూనేరు, పర్లాకిమిడి కొత్త డివిజన్ హద్దులయ్యాయి. పలాస నుంచి ఇచ్ఛాపురం వరకు ఆంధ్ర భూభాగమే అయినా ఖుర్దారోడ్ డివిజన్‌లోనే ఉండిపోయింది. దాన్నీ కొత్త జోన్‌లో కలపాలన్న కోరిక సమంజసమైనది.

కొత్త ప్రాజెక్టులకూ ఈ హద్దులు తప్పవు. 2023లో శ్రీకాకుళం జిల్లాలోని మూలపేట ఓడరేవుకు, భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపనలు జరిగాయి. మూలపేట సరుకు రైలెక్కి ఉత్తరానికి వెళ్లాలంటే పలాసలో డివిజన్, ఇచ్ఛాపురం దాటాక రాష్ట్రం మారతాయి.