ఐదు చుక్కల వెనుక ముప్పై ఏళ్ళు

టీకాల రోజున సబ్‌సెంటర్ బల్ల మీద, ఆరు వారాల బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఒక తల్లి కూర్చుని ఉంటుంది. ఏఎన్ఎం చలువ పెట్టెలోంచి చిన్న సీసా తీసి, బిడ్డ బుగ్గలు మెల్లగా నొక్కి, నోట్లో లెక్కగా ఐదు చుక్కలు వేస్తుంది. బిడ్డ మొహం చిట్లించి, చప్పరించి, మింగేస్తుంది. తర్వాత పొడిచే సూదికి కేరుమంటుంది కాబట్టి ఇంటికి వెళ్ళాక అందరికీ సూదే గుర్తుంటుంది. చుక్కల సంగతి ఎవరూ తలుచుకోరు.

ఆ చుక్కలు రోటా వైరస్ టీకా. పేరు రోటావాక్. దాని కథ 1980ల నడుమ ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో, అంటే ఎయిమ్స్‌లో, జబ్బు పడని కొందరు పసికందుల దగ్గర మొదలైంది. హైదరాబాదు శివార్లలో అది టీకాగా తయారైంది. మళ్ళీ ఢిల్లీ బస్తీలకు వెళ్ళి పరీక్షకు నిలిచి, 2016లో ఆంధ్రప్రదేశ్ పల్లెలకు వచ్చింది. మన దేశపు వైద్య పరిశోధన తన ప్రశ్నను తానే వేసుకుని, జవాబు బిడ్డ నోటికి అందేదాకా వదలకుండా నడిచిన సందర్భాలు ఎక్కువ లేవు. ఇది అలాంటిది. అందుకే దీన్ని మొదటినుంచీ చెప్పుకోవాలి.

నీరు ఇంకిపోయే జబ్బు

పసిపిల్లల నీళ్ళ విరేచనాలకు మన ఇళ్ళలో చెప్పుకున్న కారణాలు అన్నీ ఇన్నీ కావు. పళ్ళొస్తున్నాయన్నారు, దిష్టి తగిలిందన్నారు, తల్లి తిన్న తిండి బిడ్డకు పడలేదన్నారు. నీళ్ళు పడితే ఇంకా ఎక్కువవుతాయని, దాహంతో అల్లాడే బిడ్డకు గుక్కెడు నీళ్ళు పట్టని ఇళ్ళు ఎన్నో. మాడు గుంటపడి, కళ్ళు లోతుకు పోయి, ఏడ్చినా కన్నీరు రాని దశలో ఆసుపత్రికి పరుగెత్తేవారు. బిడ్డ ప్రాణం తీసేది ఒంట్లోంచి నీరూ లవణాలూ పోవడమేనని ఇంటింటికీ తెలియడానికి చాలా కాలం పట్టింది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో శరణార్థుల మధ్య కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంట సోడా కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్పై మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. నేడు ప్రతి మందుల షాపులోనూ దొరికే ఓఆర్ఎస్ పొట్లానికి అంత గట్టి రుజువు దొరికింది అక్కడే.

ఓఆర్ఎస్ జబ్బు పడ్డ బిడ్డను బతికిస్తుంది. జబ్బు రాకుండా ఆపలేదు. ఆపాలంటే ముందు దేనివల్ల వస్తున్నదో తెలియాలి. అప్పటికి చాలామంది పిల్లల విరేచనాలకు కారణమైన క్రిమి ఏదో వైద్యులు తేల్చుకోలేకపోయారు.

చక్రంలాంటి క్రిమి

1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్, ఆమె సహచరులు విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన పిల్లల చిన్న పేగు మొదటి భాగం నుంచి ముక్కలు తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. పేగు గోడ కణాల నిండా గుండ్రటి వైరస్‌లు కనిపించాయి. బండి చక్రంలా ఉండటంతో లాటిన్‌లో చక్రానికి ఉన్న ‘రోటా’ అన్న మాటే దానికి పేరయింది.

ఈ వైరస్‌కు కలవారూ లేనివారూ అన్న తేడా లేదు. మంచినీళ్ళు, చేతుల శుభ్రత కలరాను అడ్డుకున్నంతగా దీన్ని అడ్డుకోలేవు. ఏ దేశంలోనైనా ఐదేళ్ళు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఒకసారైనా సోకుతుంది. తేడా ఆ తర్వాత వస్తుంది. సెలైన్ దగ్గరలో ఉన్న బిడ్డ బతుకుతుంది, లేని బిడ్డ పోతుంది. టీకా రాకముందు మన దేశంలో ఏటా ఐదేళ్ళలోపు పిల్లలు సుమారు 78,000 మంది రోటా వైరస్‌తో చనిపోయేవారని, దాదాపు 8.7 లక్షల మంది ఆసుపత్రుల్లో చేరేవారని పరిశోధకులు లెక్క కట్టారు.

జబ్బు పడని బిడ్డలు

1983లో బిషప్ బృందమే మరో సంగతి బయటపెట్టింది. పుట్టిన వెంటనే రోటా వైరస్ సోకిన పిల్లలకు తర్వాత ఆ వైరస్ మళ్ళీ సోకినా జబ్బు తీవ్రంగా రావడం లేదు.

ఎయిమ్స్‌లో పిల్లల జీర్ణకోశ వ్యాధుల వైద్యుడు మహారాజ్ కిషన్ భాన్. కాశ్మీరీ, 1947లో పుట్టారు. 1985–86 ప్రాంతంలో ఆయన బృందం ఆసుపత్రి నర్సరీలోని పసికందుల మలాన్ని పరీక్షించినప్పుడు చాలామందిలో రోటా వైరస్ కనిపించింది. ఆ బిడ్డలకు విరేచనాలు లేవు, జ్వరం లేదు. పాలు తాగుతున్నారు, నిద్రపోతున్నారు. జబ్బున్న బిడ్డ చుట్టూ వైద్యులు మూగుతారు. జబ్బు లేని బిడ్డ దగ్గర ఆగి ‘ఎందుకు లేదు’ అని అడగడమే ఈ కథకు మలుపు.

ఆ బిడ్డలు ఇళ్ళకు వెళ్ళాక కూడా బృందం వాళ్ళను వదల్లేదు. పురిట్లోనే వైరస్ సోకిన పిల్లలకు తర్వాత రోటా విరేచనాలు తక్కువగా వచ్చాయని 1993లో ప్రచురించారు. అంటే ప్రకృతే ఆ నర్సరీలో ఒక టీకా వేసి పెట్టింది. అక్కడ దొరికిన వైరస్ రకానికి 116ఇ అని పేరు. రోటా వైరస్ జన్యుపదార్థం పదకొండు ముక్కలుగా ఉంటుంది. 116ఇలో పది ముక్కలు మనిషి వైరస్‌వి, ఒకటి మాత్రం పశువుల వైరస్ నుంచి వచ్చి చేరింది. పేగు కణాన్ని అంటుకోవడానికి వైరస్ వాడుకునే ముల్లు లాంటి ప్రొటీన్‌ను తయారుచేసేది ఆ ముక్కే.

దాదాపు అదే కాలంలో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి. దుర్గారావు బృందానికి అక్కడి పసికందుల్లో ఐ321 అన్న మరో రకం దొరికింది. ఇది తిరగబడ్డ కలయిక: ఎక్కువ ముక్కలు పశువులవి, రెండే మనిషివి. దేశంలో రెండు నగరాల్లో, రెండు సహజమైన టీకా విత్తనాలు చేతికొచ్చాయి.

ప్రయోగశాల నుంచి హైదరాబాదుకు

విత్తనం దొరకగానే పంట చేతికి రాదు. 1987లో భారత, అమెరికా ప్రభుత్వాలు టీకాల పరిశోధనకు ఒప్పందం చేసుకున్నాయి. ఆ దారిన మన బయోటెక్నాలజీ శాఖ, అమెరికా ఆరోగ్య సంస్థలు, స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం, తర్వాత పాత్ అనే అంతర్జాతీయ ఆరోగ్య సంస్థ, గేట్స్ ఫౌండేషన్ ఈ పనిలో కలిశాయి. కానీ పసికందుకు ఇచ్చే మందు తయారుచేయడానికి కర్మాగారం కావాలి. ఆ పని 1996లో హైదరాబాదులో మొదలైన భారత్ బయోటెక్ చేతికి వచ్చింది. నగర శివార్లలో, జీనోమ్ వ్యాలీలోని ఆ సంస్థ 116ఇ వైరస్‌ను ప్రయోగశాలలో పెంచే వీరో కణాల్లో పెంచి, చుక్కల మందుగా మలిచింది. డోసు ధర ఒక డాలరు దాటనివ్వమని మాట ఇచ్చింది.

ఈలోగా ప్రపంచానికి ఒక హెచ్చరిక అందింది. అమెరికాలో 1998లో అనుమతి పొందిన రోటాషీల్డ్ టీకా వేసుకున్న కొందరు పిల్లల్లో పేగులో పేగు చొచ్చుకుపోయి ఇరుక్కుంది. ఏడాదికే, 1999లో, ఆ టీకాను వెనక్కు తీసుకున్నారు. ఆ తర్వాత ఏ రోటా టీకా అయినా వేలమంది పిల్లల్లో భద్రతను చూపించి తీరాల్సి వచ్చింది. 2006 నాటికి రోటారిక్స్, రోటాటెక్ అన్న విదేశీ టీకాలు వచ్చాయి. మన టీకా మాత్రం ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ వచ్చింది.

ఢిల్లీ బస్తీల్లో పరీక్ష

మన పసిపిల్లల్లో తొలి పరీక్షలు ఢిల్లీలోనే జరిగాయి. సొసైటీ ఫర్ అప్లైడ్ స్టడీస్ సంస్థలో డాక్టర్ నీతా భండారి బృందం 116ఇ, ఐ321 రెండింటినీ పిల్లలకిచ్చి పోల్చింది. 2006లో వచ్చిన ఫలితాల్లో 116ఇ చాలా ముందుంది. ఐ321 అక్కడితో ఆగింది.

అసలు పరీక్ష 2011 మార్చిలో మొదలైంది. ఢిల్లీలో నగర బస్తీలు, పుణె దగ్గర పల్లెలు, తమిళనాడులో వేలూరు. మూడు చోట్లా కలిపి 6,799 మంది పసిపిల్లలు. ముగ్గురిలో ఇద్దరికి టీకా, ఒకరికి మందు లేని చుక్కలు. ఎవరికి ఏది పడిందో తల్లికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. కార్యకర్తలు ఇళ్ళకు వెళుతూ బిడ్డకు ఎన్నిసార్లు విరేచనమైంది, ఎన్నిసార్లు కక్కింది, జ్వరం ఎంత, నీరు ఎంత పోయింది అని రాసుకున్నారు. వాటన్నిటినీ ఇరవై మార్కుల వెసికారి కొలత మీద పెట్టి, పదకొండు, ఆపైన వస్తే తీవ్రమైనదిగా లెక్కించారు. ఏ జట్టు బిడ్డకు జబ్బు చేసినా వైద్యం ఉచితంగా అందించారు.

2013 మే 14న న్యూఢిల్లీలో ఫలితం ప్రకటించారు. మరుసటి ఏడాది లాన్సెట్ పత్రికలో పూర్తి వివరాలు వచ్చాయి. టీకా పడిన 4,532 మంది జట్టులో తీవ్రమైన రోటా విరేచనాలు 71 సార్లు వచ్చాయి. అందులో సగమే ఉన్న, మందు లేని చుక్కలు పడిన 2,267 మంది జట్టులో 76 సార్లు వచ్చాయి. రక్షణ 53.6 శాతం. 2014లో అనుమతి, 2015 మార్చిలో ప్రధాని చేతుల మీదుగా ఆవిష్కరణ. 2016 మార్చిలో ఆంధ్రప్రదేశ్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల్లో రోటా టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేరింది. 2019కల్లా దేశమంతా విస్తరించింది. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇవ్వడంతో ఇతర దేశాల పిల్లలకూ దారి తెరుచుకుంది.

సగం రక్షణ అంటే

సగమేనా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. సంపన్న దేశాల్లో నోటి రోటా టీకాలు ఎనభై అయిదు శాతానికి పైగా కాపాడతాయి. ఆఫ్రికాలో, ఆసియాలో అవే టీకాలు యాభై దగ్గర ఆగిపోయాయి. టీకా ఒకటే, పేగులు వేరు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, పేగులోని ఇతర సూక్ష్మజీవులు, పోషకాహార లోపం ఇందుకు కారణాలు కావచ్చని పరిశోధన సాగుతోంది. తల్లిపాలు అడ్డుపడుతున్నాయేమో అన్న అనుమానం కూడా వచ్చింది. దాన్నీ ఢిల్లీ పరిశోధకులే పరీక్షించారు. 400 మంది తల్లీబిడ్డల్లో కొందరిని టీకాకు అరగంట ముందూ అరగంట తర్వాతా పాలివ్వకుండా ఆగమన్నారు. రెండు జట్లకూ ఫలితంలో తేడా రాలేదు. కాబట్టి టీకా రోజున బిడ్డకు పాలు ఆపక్కర్లేదు.

ప్రజల్లోకి వెళ్ళాక టీకా ఎలా పనిచేసిందన్నదీ వదిలెయ్యలేదు. పేగు చొచ్చుకుపోయిన 970 మంది పసిపిల్లల వివరాలను 27 ఆసుపత్రుల్లో సేకరించి చూస్తే, ఆ జబ్బుకూ ఈ టీకాకూ సంబంధం కనబడలేదని 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. తొమ్మిది రాష్ట్రాల్లో 31 ఆసుపత్రుల నుంచి పోగుచేసిన లెక్కలు 2025లో నేచర్ మెడిసిన్‌లో వెలువడ్డాయి. రక్షణ 54 శాతం. బస్తీలో కొలిచిన సంఖ్యే దేశమంతటా నిలిచింది. విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన పిల్లల్లో రోటా వైరస్ వాటా నలభై నుంచి ఇరవై శాతానికి దిగింది.

ఈ సంఖ్యల్లో ఎక్కడా అతిశయోక్తి లేదు. యాభై నాలుగును తొంభై అని చెప్పుకోవాలన్న తొందర ఎవరూ పడలేదు. అందుకే ఈ టీకాను నమ్మవచ్చు.

మిగిలిన సగానికి కూడా ఢిల్లీ పరిశోధనే ఒక దారి చూపింది. 1995లో సునీల్ సాజవాల్, భాన్, వారి సహచరులు ఢిల్లీలో 937 మంది పిల్లల మీద జరిపిన అధ్యయనం, విరేచనాల సమయంలో జింక్ ఇస్తే జబ్బు తొందరగా తగ్గుతుందని చూపింది. ఇలాంటి అధ్యయనాల బలంతోనే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ ఓఆర్ఎస్‌తో పాటు జింక్ ఇవ్వాలని చెప్పాయి.

2004 నుంచి 2012 దాకా భాన్ బయోటెక్నాలజీ శాఖ కార్యదర్శిగా ఉన్నారు. ఆ రోజుల్లోనే ఫరీదాబాద్‌లో ట్రాన్స్‌లేషనల్ హెల్త్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. ఆ సంస్థ గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రికి వచ్చే వేలమంది గర్భిణులను 2015 నుంచి అనుసరిస్తూ, నెలలు నిండకుండా కాన్పు ఎందుకవుతున్నదో వెతుకుతోంది. ఆ వివరాల నుంచే ఐఐటీ మద్రాసుతో కలిసి మన దేశపు తల్లులకు సరిపోయే గర్భ వయసు లెక్కను 2024లో ప్రకటించింది. మన బిడ్డల ప్రశ్నకు మన బిడ్డల్లోనే జవాబు వెతకాలన్న ఎయిమ్స్ నర్సరీ పద్ధతి అక్కడ కొనసాగుతోంది.

భాన్ 2020 జనవరి 26న కన్నుమూశారు. ఆయన పేరు మన తల్లుల్లో చాలామంది విని ఉండరు. వినకపోయినా నష్టం లేదు గానీ, ఆయన కష్టం వృథా కాకూడదు. మీ ఇంట్లో, మీ వీధిలో పసిబిడ్డ ఉంటే ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఈ చుక్కలు మూడుసార్లూ వేయించండి. మొదటి డోసు ఏడాది దాటనివ్వకండి. విరేచనాలు పట్టుకుంటే తల్లిపాలు ఆపకండి, ఓఆర్ఎస్ గుక్కగుక్కగా పట్టండి, డాక్టరు చెప్పినన్ని రోజులూ జింక్ వేయండి. మాడు గుంటపడేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.